ఉమ్ ఖలీల్ ఇంట్లో ఇనప్పొయ్యి

బహ్రెయిన్‌లో, నయీమ్ పేటలో, ఉమ్ ఖలీల్ ఇంటి వెనక గది సంగతి తెలియని మనిషి మనామాలో లేడు. మనామాలోనే కాదు, సముద్రం అవతలి ఒడ్డున కూడా ఆ గది మాటెత్తితే జనం టీ గ్లాసు అక్కడే వదిలేసి లేచిపోయేవారని చెప్పుకుంటారు.

ఇంటి నడుమ వాకిలి. వాకిలికి ఇటు వంటిల్లు, ఉమ్ ఖలీల్ పడగ్గది. అటు పక్క, ఒంటరిగా, ఆ వెనక గది. సముద్రపు రాయితో కట్టిన గోడలు. ఫిరంగి పేల్చినా బెదరనంత మందం. గది నెత్తిన పూర్వకాలపు గాలి బురుజు. నాలుగు దిక్కుల గాలినీ పట్టి కిందికి దించడానికి కట్టిన నిలువు గూడు అది.

వేసవిలో ఆ గదిలో ఎవరు పడుకున్నా ఏమీ అయ్యేది కాదు. పిల్లలు పడుకున్నారు, చుట్టాలు పడుకున్నారు, ఒక ఏడు పక్కింటి మేక కూడా పడుకుని బలిసింది.

చలికాలం వచ్చిందా... అయిపోయినట్టే.

బురుజు నోళ్ళకు చెక్కలు కొట్టి, తలుపు బిగించి, నిప్పుల కుంపటి పక్కన పెట్టుకుని పడుకున్నవాడి గుండెల మీద ఎవరో వచ్చి కూర్చునేవారు. కాలు కదలదు. నోరు పెగలదు. కళ్ళు మాత్రం తెరిచే ఉంటాయి. అక్కడివాళ్ళు దాన్ని జాతూమ్ అంటారు. నిద్రలో రొమ్ము మీదెక్కే దెయ్యం.

ఏనుగంత పోలీసాయన ఒకడు పందెం కాసి పడుకున్నాడట. పొద్దున్న నడిచి రాలేదు, పాక్కుంటూ వచ్చాడు. అప్పటిదాకా నల్లగా ఉన్న మీసం ఒక పక్క తెల్లబడిందట. రెండో పక్క ఎందుకు తెల్లబడలేదని అడిగితే, ఆ పక్కకి తిరిగి పడుకున్నాడు కాబోలు అనేవారు.

అది ఒకప్పుడు ఆ ఇంట్లో ఉన్న ముత్యాల పడవ సరంగు పెళ్ళామని కొందరు, కాదు ఆయన రెండో పెళ్ళామని కొందరు. ఇద్దరూ వంతులేసుకుని వస్తారని ఇంకొందరు. ఏదేమైనా దానిది చలికాలం డ్యూటీ మాత్రమేననీ, అక్కడి ఎండల్లో తిరగడం దెయ్యానికైనా చేతకాదనీ పేట పేటంతా తీర్మానించేసింది.

ఆ ఇంట్లో వంటమనిషి సూర్యావతి.

కోరంగి పక్క మడ అడవుల దగ్గర ఊరు ఆవిడది. ఊళ్ళో కడుతున్న ఇల్లు గోడల దాకా లేచి ఆగిపోయింది. మొగుడూ పిల్లలూ ఆ గోడల మధ్య బరకం కట్టుకుని ఉంటున్నారు. వాన వస్తే బరకం బొజ్జ నిండిన ఏనుగులా కిందికి వేలాడేది. శ్లాబు పడేదాకా నేనిక్కడే ఉంటాను, నన్నెవరూ కదపొద్దని సూర్యావతి దేవుడికి చెప్పుకుంది. దేవుడు విన్నాడు. ఖలీల్ వినలేదు.

ఖలీల్ అంటే ఉమ్ ఖలీల్ కొడుకు. దూరంగా రిఫా అనే ఊళ్ళో కొత్త విల్లా కట్టుకున్నాడు. కువైట్ యుద్ధం అయిపోయిన మరుసటి చలికాలం అది. బహ్రెయిన్‌లో చలేమిటని నవ్వేవాళ్ళు ఆ ఏడు అక్కడ లేరు. ఒంటెలకు జలుబు చేసింది. కుళాయి తిప్పితే నీళ్ళ కంటే ముందు ఉమ్ ఖలీల్ దగ్గు వినిపించేది. ఆ దగ్గు అలాంటిది. ఆవిడ దగ్గితే గోడ మీద గడియారం ఒకసారి ఆగి, ఆలోచించుకుని, మళ్ళీ నడిచేది.

కరెంటు హీటరు పెట్టారు. పాత వైర్లు. స్విచ్చి వేస్తే సందు మొత్తం చీకటయ్యేది.

ఖలీల్ వచ్చి చూసి చెప్పేశాడు. "అమ్మా, ఇది ఇల్లు కాదు, ఐసు పెట్టె. వచ్చే శుక్రవారం వస్తాను. అప్పటికి ఇల్లు వెచ్చగా లేకపోతే నిన్ను రిఫా తీసుకుపోతాను. ఇంటికి తాళం. సూర్యావతికి టికెట్టు. ఖలాస్."

అతను వెళ్ళాక ఉమ్ ఖలీల్ వంటింట్లోకి వచ్చింది. ఆవిడకూ సూర్యావతికీ మధ్య నడిచే భాషలో అరబ్బీ సగం, హిందీ సగం, చేతులు ఇంకో సగం. ఆ మూడు సగాల్లోనే అంది.

"నా కోడలు చేపల పులుసులో పంచదార వేస్తుంది."

"అయ్యో మామా" అంది సూర్యావతి. ఇంటి యజమానురాలిని అక్కడి పనివాళ్ళు పిలిచే పిలుపు అది.

"నేను వెళ్ళను."

"నేనూ వెళ్ళను మామా."

ఇద్దరూ కలిసి సూక్‌కు, అంటే పాత బజారుకు, వెళ్ళారు. దేశం వదిలి వెళ్ళిపోతూ ఇంగ్లీషు దొర ఒకాయన అమ్మేసిన కట్టెల పొయ్యి అక్కడ పాత సామాన్ల అంగట్లో ఉంది. నల్లటి ఇనప్పొయ్యి. ముందు గాజు తలుపు, వెనక పొగ గొట్టానికి కన్నం. దీవి మొత్తానికీ దానికి తోబుట్టువు లేదు. దాన్ని నయీమ్‌కు మోసుకొచ్చిన హమాలీల్లో ఒకడు ఇప్పటికీ వంగే నడుస్తున్నాడని వినికిడి.

ఇక దాన్ని బిగించేవాడు కావాలి. గంగన్న దొరికాడు. జగిత్యాల దిక్కు మనిషి, కంపెనీ క్యాంపులో మేస్త్రీ. వీలు చూసుకుని బయటి పనులు చేసేవాడు.

"ఇట్టాంటి పొయ్యి ఎప్పుడైనా పెట్టావా గంగన్నా?" అని సూర్యావతి అడిగింది.

"గిసొంటియి శానా పెట్టిన అక్కా" అన్నాడు గంగన్న. పొయ్యి చుట్టూ ఒకసారి తిరిగి, గాజు తలుపు తీసి, మూసి, "గిదేనా నోరు?" అని అడిగాడు.

నిజానికి అతను పెట్టింది ఒక హోటల్ వంటింట్లో పొగ గొట్టాలు. అదీ వేరేవాడు పెడుతుంటే నిచ్చెన పట్టుకున్నాడు.

"ఏ అర్రల పెడ్తం?"

"వెనక గదిలో. బురుజు గూడు పైదాకా ఉంది కదా, కప్పు పగలగొట్టే పనిలేదు."

గంగన్న చేతిలో టేపు తనంతట తానే సర్రున చుట్టుకుపోయింది.

"గా అర్రనా..."

"ఏం?"

"ఏం లే. పగటీలి చేస్త. పొద్దు గూకినంక నేనుండ. గంతే."

మాట మీద నిలబడ్డాడు. పగలే చేశాడు. గోడకు ఎడంగా ఇటుకలతో అరుగు కట్టి దాని మీద పొయ్యి నిలబెట్టాడు. ఇనుప గొట్టాన్ని ముక్కకు ముక్క అతికి బురుజు గూట్లోంచి పైకి పంపాడు. గొట్టం చుట్టూ ఉన్న సందులన్నీ జిప్సంతో పూడ్చాడు. బురుజు నోళ్ళకు చెక్కలు కొట్టి వాటి మీదా పూత వేశాడు. చీమ దూరాలన్నా అనుమతి అడగాలి. గొట్టంలో, నిలబడితే చేతికందే ఎత్తున, ఒక ఇనుప బిళ్ళ, దానికి బయట పిడి. పిడి తిప్పితే బిళ్ళ అడ్డం తిరిగి పొగదారి ఇరుకవుతుంది.

"మంట మరీ లేస్తే జెర తిప్పు. తగ్గుతది" అన్నాడు.

అంత మాత్రం చెప్పి, సూర్యుడు ఇంకా గోడ మీదుండగానే వెళ్ళిపోయాడు.

కట్టెల సంగతి సూర్యావతిది. సందు చివర ఒక పాత ఇల్లు పడగొట్టి సామాను వీధిలో పోశారు. ఆ కుప్పలో కప్పు దూలాలు. సూర్యావతి ఒక దాన్ని గోటితో గీకింది. వాసన చూసింది. ఎర్రటి చారలు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అది మడకర్ర. తన ఊరి పక్క బురదలో నిలబడి, వేళ్ళు పైకి పెట్టి ఊపిరి పీల్చుకునే చెట్టు. ఏ కాలంలోనో, ఏ ఓడలోనో ఇక్కడికి వచ్చి, ఇన్నాళ్ళూ ఎవరి నెత్తి మీదో కప్పుగా ఉంది.

"నువ్వు కూడా వచ్చావా" అని దాని వీపు తట్టింది.

గంగన్న ఖర్జూరపు మొద్దు ఒకటి దొర్లించుకొచ్చాడు, ఊరికే దొరికిందని. సూర్యావతి దాన్ని కాలితో తోసింది. "ఇది కట్టెనా? పీచు. పొగే గాని సెగ ఉండదు. తీసుకుపోయి నీ క్యాంపులో కుర్చీ చేసుకో."

"నీకు కట్టెల మీద పరీచ్చ పెట్టిన్రా అక్కా?"

"మా ఊళ్ళో పిల్లకి మాటలు రాకముందే ఏ కర్ర మండుద్దో తెలుస్తాది."

మేకులన్నీ పీకింది. మేకు ఉన్న కర్ర మీద రంపం వేస్తే రంపం పళ్ళు పోతాయి. అంటుకున్న సున్నం గీకేసింది. పొయ్యి లోతు జానతో కొలిచి, దానికంటే నాలుగు వేళ్ళు తక్కువగా గంగన్న చేత దూలాలు కోయించింది. లావు ముక్కల్ని మొద్దు మీద నిలబెట్టి, చీలిక ఉన్నచోట గొడ్డలి ఆనించి, గొడ్డలి నెత్తిన సుత్తితో ఒక్కటి వేసేది. కర్ర ఇక తప్పదన్నట్టు రెండుగా విడిపోయేది. గంగన్న ప్రయత్నిస్తే గొడ్డలి ఇరుక్కుని, కర్రతో సహా పైకి లేచేది. సందులో ఆడవాళ్ళు కుర్చీలు తెచ్చుకుని చూశారు. ఆ వారం టీవీలు ఎవరూ పెట్టలేదంటారు.

చీల్చిన పేళ్ళన్నీ డాబా మీద, గాలి ఆడేలా, ఒకటి అడ్డం ఒకటి నిలువు పేర్చింది. ఎండాయో లేదో చూడాలంటే రెండు పేళ్ళు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టాలి. పచ్చివైతే దబ్ మంటాయి. ఎండినవైతే కంచులా ఖంగుమంటాయి. మడకర్ర ఖంగుమన్న చప్పుడుకు మసీదు దగ్గర పావురాలు లేచి పోయాయి.

గురువారం సాయంత్రం పొయ్యికి పసుపు రాసి బొట్టు పెట్టింది. పైన గిన్నె పెట్టి పాలు పొంగించింది.

ఉమ్ ఖలీల్ గడప బయటే నిలబడి చూసింది. "ఇది మంత్రమా?"

"కాదు మామా. పొయ్యికి మర్యాద."

"చెయ్యి. నా కొడుకు రాకముందే చేసెయ్యి."

చితుకులు అంటుకున్నాయి. చిన్న పేళ్ళు అందుకున్నాయి. గాజు వెనక మంట పసుపు పచ్చగా లేచి, గొట్టంలోకి ఒకే ఒక్క పెద్ద ఊపిరి పీల్చినట్టు పోయింది. పొగ గదిలోకి చుక్కైనా రాలేదు. పావుగంటలో గది ఎంత వెచ్చబడిందంటే గోడమీద బల్లి దుప్పటి విప్పేసినట్టు సాగి పడుకుంది.

ఉమ్ ఖలీల్ గడప దాటలేదు.

"ఇవాళ నువ్వు పడుకో" అంది. "గుండెల మీద ఎవరూ కూర్చోకపోతే రేపట్నించి నేను పడుకుంటాను."

"కూర్చుంటే మామా?"

"అప్పుడు నేను పడుకోను."

ఆ మాట చెప్పి ఆవిడ వాకిలి దాటి తన గదిలోకి వెళ్ళిపోయింది. దగ్గు వినిపించింది... తలుపు పడింది... ఇక ఏ చప్పుడూ లేదు.

సూర్యావతి పొయ్యి ముందు పరుపు పరుచుకుంది. దెయ్యం గురించి ఆలోచించలేదు. ఆవిడ ఆలోచనంతా పొద్దున్న గురించే. ఖలీల్ తెల్లవారగానే వస్తాడు. వచ్చేసరికి గది వెచ్చగా ఉండాలి. మంట ఇలాగే వదిలేస్తే అర్ధరాత్రికి కట్టెలైపోయి, పొయ్యి చల్లారిపోతుంది. తెల్లారి కొత్తగా ముట్టించాలంటే పొగ, ఆలస్యం, ఖలీల్ మొహం...

పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఇంట్లో పొయ్యి చల్లారలేదు. రాత్రి వంటలయ్యాక నిప్పుల్ని దగ్గరకు తోసి, మీద బూడిద కప్పి పెడితే, పొద్దున్న ఆ బూడిద తీసి కొబ్బరి పీచు పెట్టి ఊదితే చాలు. పొరుగింటికి నిప్పుకి వెళ్ళిన ఇల్లాలి కాపురం గురించి ఊళ్ళో నెల్లాళ్ళు చెప్పుకునేవారు.

అలవాటైన చెయ్యి. నిప్పులు దగ్గరికి తోసింది. గడ్డపార తలంత ఎర్రటి మడకర్ర నిప్పులు. మీద బూడిద కప్పింది. గాజు తలుపు మూసింది. అప్పుడు గొట్టం పిడి కనిపించింది.

ఇంత వేడి ఆకాశంలోకి పోనివ్వడం ఎందుకని... పిడిని పూర్తిగా అడ్డం తిప్పేసింది.

తలుపు కింద నుంచి చలి సన్నగా కొడుతోంది. పాత చీర ఒకటి చుట్టి అక్కడ కుక్కింది.

పడుకుంది. ఇంత మంచి పొయ్యి గవర్నరు గారింట్లో కూడా ఉండదనుకుంది. నిద్ర పట్టేసింది.

...ఎంతసేపైందో తెలియదు. కళ్ళు తెరుచుకున్నాయి.

చీకటి. గాజు వెనక, బూడిద కింద, ఎర్రగా ఒక కన్ను. అది ఆవిడనే చూస్తోంది.

తల లోపల ఎవరో రోలు పెట్టి దంచుతున్నారు. ఒక దెబ్బ... ఇంకో దెబ్బ... వాకిట్లో ఎవరో నడుస్తున్నట్టుంది. అడుగులు దగ్గరికి వచ్చాయి. దూరంగా వెళ్ళాయి. మళ్ళీ వచ్చాయి.

లేవబోయింది.

లేవలేదు.

గుండెల మీద ఎవరో కూర్చున్నారు.

బరువు. మనిషి బరువు కాదు. గోనె సంచీ ఉప్పు బరువు. రెండు సంచులు. ఇంటికి పడాల్సిన శ్లాబు మొత్తం, కంకరతో, ఇనుముతో సహా, ఊరి నుంచి తెచ్చి ఆవిడ రొమ్ము మీద పోసినట్టుంది. అరుద్దామని నోరు తెరిచింది. నాలిక దూదిపింజలా ఉంది. పేరు గుర్తు చేసుకుందామనుకుంది. తన పేరే గుర్తు రాలేదు.

నేను పోతే బరకం ఎవరు మారుస్తారు... అనుకుంది. ఆ తరవాత అది కూడా అనుకోలేదు. ఎర్రకన్ను మెల్లగా చిన్నదైంది. హాయిగా కూడా అనిపించింది. అన్నిటికంటే అదే చెడ్డ సంగతి.

అప్పుడు తలుపు దభాలున తెరుచుకుంది.

చలి లోపలికి దూకింది. చలి అంటే అంత ఇష్టంగా సూర్యావతి ఎన్నడూ పీల్చలేదు. గడపలో తెల్లటి ఆకారం. చేతిలో పైకెత్తిన చెప్పు.

"ఎక్కడుంది?" అంది ఆకారం.

అది ఉమ్ ఖలీల్. గదిలోకి తల పెట్టి ఈ మూల, ఆ మూల చూసింది. తలుపు వెనక చూసింది. ఆ తరవాతే కింద పరుపు మీద కదలకుండా పడున్న సూర్యావతిని చూసింది. చెప్పు కింద పడేసి, ఆవిడ చేతులు పట్టుకుని, దగ్గుకుంటూ, తిట్టుకుంటూ, వాకిట్లోకి ఈడ్చుకొచ్చింది. మెట్లెక్కడానికి ఇద్దరు మనుషులు కావాల్సిన ఆ ముసలమ్మ ఆ రాత్రి సూర్యావతిని బియ్యం బస్తాలా లాగింది.

సూర్యావతి కక్కుకుంది. నీళ్ళు తాగింది. మళ్ళీ కక్కుకుంది. కాసేపటికి పేరు గుర్తొచ్చింది.

"మామా... కూర్చుంది... గుండెల మీద..."

"తెలుసు" అంది ఉమ్ ఖలీల్. వాకిట్లో ఇద్దరూ ఒకే రగ్గు కప్పుకుని తెల్లారేదాకా ఆ తెరిచిన తలుపుకేసి చూస్తూ కూర్చున్నారు.

తెల్లారగానే గంగన్నకు కబురు వెళ్ళింది. ఖలీల్‌కు వెళ్ళకముందే.

గంగన్న వాకిట్లోనే ఆగాడు. సూర్యావతి చెప్పిందంతా అక్కణ్ణుంచే విన్నాడు. బూడిద కప్పిన సంగతి, పిడి తిప్పిన సంగతి, చీర కుక్కిన సంగతి. వింటున్నకొద్దీ అతని మొహంలో భయం పోయి కోపం వచ్చింది.

"పిడి మొత్తం తిప్పినవా?"

"మొత్తం."

"జెర తిప్పుమన్న గదా."

"వేడి పోతుందని."

"వేడి కాదక్కా, నువ్వు పోతుంటివి" అన్నాడు గంగన్న. "పోయినేడు మా క్యాంపుల గిట్లనే. చలైతుందని బకీట్ల బొగ్గులేస్కోని, దర్వాజా బిగిచ్చి పండుకున్నరు. పొద్దుగాల తలకాయలు పట్టుకోని ఒకటే కక్కుడు. బొగ్గు గాలి అది. కండ్లకు కనవడది, ముక్కుకు తెల్వది. మనిషి మీద బండ పెట్టినట్టయితది."

సూర్యావతి ఆ మాట ఉమ్ ఖలీల్‌కు మూడు సగాల భాషలో చెప్పింది. ఆవిడ కొంచెం ఆలోచించింది.

"అయితే పోలీసాయన?"

"కుంపటి పెట్టుకున్నాడా?" అంది సూర్యావతి.

"పెట్టుకున్నాడు."

"సరంగు పెళ్ళాం?"

ఉమ్ ఖలీల్ రగ్గు సర్దుకుంది. ఇన్నేళ్ళుగా పేటంతా భయపడిన దెయ్యం చివరికి మూసిన గదిలో కుంపటి అని తేలితే, ఆ ఇంటికి ఉన్న ఒక్క పేరూ పోయినట్టే. ఆవిడ మొహం కాస్త చిన్నబోయింది.

"సరే రా గంగన్నా, లోపలికొచ్చి బాగు చెయ్యి" అంది సూర్యావతి.

"నేను రాను."

"దెయ్యం లేదన్నావుగా."

"లేదన్న. రానని గూడ అన్న. రెండు ఏరేరు."

ఉమ్ ఖలీల్ రాత్రి వాడిన చెప్పు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. గంగన్న లోపలికి వెళ్ళాడు.

గొట్టంలోంచి బిళ్ళ ఊడదీసి కత్తెరతో ఒక పక్క చంద్రవంకలా కోసేశాడు. ఇక ఎంత తిప్పినా దారి పూర్తిగా మూసుకోదు. తలుపు కింది భాగంలో వరసగా కన్నాలు కొట్టాడు. బురుజు చెక్కల్లో ఒకటి పీకేశాడు. పని చేస్తున్నంతసేపూ గట్టిగా పాటలు పాడాడు. అవి దెయ్యాన్ని కాదు గాని, పక్కవీధి పిల్లుల్ని బాగా బెదరగొట్టాయి.

మడకర్ర మళ్ళీ అందుకుంది. మంట మళ్ళీ ఊపిరి పీల్చింది. అప్పుడే బయట కారు ఆగింది.

ఖలీల్ లోపలికి వచ్చాడు. గది వెచ్చగా ఉంది. వాళ్ళమ్మ గడప లోపల, పొయ్యి పక్క కుర్చీలో, దగ్గకుండా కూర్చుని ఉంది. అతను పొయ్యిని చూశాడు, గొట్టాన్ని చూశాడు, పేర్చిన పేళ్ళను చూశాడు. చివరికి తలుపు చూశాడు.

"ఈ కన్నాలేమిటి?"

సూర్యావతి పొయ్యికేసి తిరిగి పేళ్ళు సర్దడం మొదలెట్టింది. నిజం చెబితే ఈ పొయ్యి ఈ సాయంత్రానికే సూక్‌కు వెళ్ళిపోతుంది. వెనకే తను.

"జాతూమ్‌కు" అంది ఉమ్ ఖలీల్. "వచ్చిపోవడానికి. రాత్రి వచ్చింది."

ఖలీల్ చిన్నప్పుడు ఆ గది పక్కనుంచి పరిగెత్తకుండా వెళ్ళినట్టు చూసినవాళ్ళు లేరు. ఇప్పుడు గెడ్డం వచ్చింది, విల్లా వచ్చింది, పరుగు మాత్రం పోలేదు.

"వచ్చి?"

"చెప్పు చూపించాను. పోయింది. కూర్చో, టీ తాగు."

ఖలీల్ కూర్చోలేదు. టీ నిలబడే తాగాడు. గది వెచ్చగానే ఉందన్నాడు. చలికాలం గడిచేదాకా ఇక్కడే ఉండమన్నాడు. ఆ తరవాత సంగతి ఆ తరవాత అన్నాడు. టికెట్టు మాట ఎత్తలేదు. కారు సందు మలుపు తిరిగేదాకా సూర్యావతి ఊపిరి బిగపట్టే ఉంది.

గంగన్న ఎప్పుడు వెళ్ళిపోయాడో ఎవరూ చూడలేదు. సూర్యుడు గోడ దిగాడు.

ఇద్దరూ పొయ్యి ముందు కూర్చున్నారు. సూర్యావతి ఒక పేడు లోపల పెట్టింది. ఉమ్ ఖలీల్ మంటకేసి చూస్తూ, మామూలుగా, కూరలో ఉప్పు సంగతి అడిగినట్టు అడిగింది.

"రాత్రి నీతో మాట్లాడినావిడ ఎవరు?"

"ఎవరూ లేరు మామా. నేను ఒక్కదాన్నే."

"ఖలీల్ ముందు అడగలేదు. అడిగితే ఇల్లు మూసేసేవాడు. నాకు చెప్పు. నాకు వినిపించింది. వాకిలికి అటు నుంచి. ఆడ గొంతు. మీ భాష. ఆగకుండా అదే మాట. ఎవరినో తీసుకొచ్చి పెట్టుకుని కబుర్లాడుతున్నావనుకున్నాను. నన్ను నిద్రపోనివ్వలేదు. అందుకే చెప్పు తీసుకుని వచ్చాను."

సూర్యావతి చేతిలో పేడు చేతిలోనే ఉండిపోయింది.

"నేనే కలవరించి ఉంటాను మామా."

"నీ గురక కూడా వినిపిస్తోంది. నీ గురక నాకు తెలుసు. గురక కింద, గొంతు పైన. రెండూ ఒకేసారి."

"...ఏమంది?"

ఉమ్ ఖలీల్ కళ్ళు మూసుకుంది. తెలుగులో ఆవిడకు 'అమ్మ' తప్ప ఇంకో ముక్క రాదు. పెదాలు కూడదీసుకుని, ఒక్కో అక్షరం, విన్నది విన్నట్టు బయట పెట్టింది.

"లెగవే... లెగవే... తలుపు తియ్యవే."

మంట చిటపటలాడింది. ఆ ఇంట్లో, ఆ సందులో, ఆ పేట మొత్తంలో సూర్యావతిని 'వే' అని పిలిచేంత పెద్దమనిషి ఎవరూ లేరు.

"దాని అర్థం ఏమిటి?" అని ఉమ్ ఖలీల్ అడిగింది.

సూర్యావతి చెప్పింది.

ఉమ్ ఖలీల్ తల ఊపింది. చాలాసేపు ఊపింది. తరవాత తన దుప్పటి, దిండు తెప్పించి ఆ గదిలోనే మంచం వేయించుకుంది.

"భయం లేదా మామా?"

"నేను ముసలిదాన్ని. నువ్వు పడుకుంటే చచ్చినట్టు పడుకుంటావు. ఇంట్లో ఒకళ్ళు మెలకువగా ఉండడం మంచిదే" అంది ఆవిడ, గోడకేసి తిరిగి.

సూర్యావతి దీపం తీసేసింది. పరుపు మీద కూర్చుని, అటూ ఇటూ చూసి, ఎటు చూసి చెప్పాలో తెలియక పొయ్యికేసి చూస్తూ గుసగుసగా చెప్పింది.

"పిడి తిప్పలేదండీ. చీర కూడా కుక్కలేదు. మీరూ కాస్త నడుం వాల్చండి."

గొట్టం దగ్గర, చీకట్లో, ఎవరో నిదానంగా నిట్టూర్చారు.

గాలే అయ్యుంటుంది. గంగన్న ఆ పొయ్యి నిజంగానే బాగా బిగించాడు.